లాటిన్ నేర్చుకోవాలంటే ఇంగ్లీషును కాస్త పక్కన పెట్టండి

ప్రశ్న: నేను నరసరావుపేటలో ఒక జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతాను. నలభై దాటాయి. ఆమధ్య రిట్ల (కోర్టులు ఇచ్చే ప్రత్యేక ఆదేశాల) పాఠం చెబుతుంటే ఓ అమ్మాయి లేచి, "మాండమస్ అంటే అసలు అర్థం ఏంటి సార్?" అంది. "పరమాదేశం" అని చెప్పి కూర్చోబెట్టాను గానీ అప్పట్నుంచి లాటిన్ నేర్చుకోవాలన్న కోరిక పట్టుకుంది. ఇంటర్‌లో నా సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతమే, కానీ అది మార్కుల సంస్కృతం. ఓ ఇంగ్లీషు పుస్తకం కొన్నాను. అందులో విభక్తుల పట్టికలు చూస్తేనే టెన్షన్ వస్తోంది. "చచ్చిపోయిన భాష నేర్చుకుని ఎవరితో మాట్లాడతావు? ఆ టైములో స్పోకెన్ ఇంగ్లీషుకి వెళ్ళినా లాభం ఉండేది" అని ఇంట్లో, స్టాఫ్‌రూమ్‌లో ఒకటే నవ్వులు. ఈ వయసులో వస్తుందా? దేనికైనా పనికొస్తుందా? ఎక్కడ మొదలుపెట్టాలి? - ఒక పాఠకుడు, నరసరావుపేట

సమాధానం:

మాస్టారూ, నవ్వేవాళ్ళ మాటలో నిజమున్నంత వరకు ముందే ఒప్పేసుకుందాం. లాటిన్ వల్ల ఇంక్రిమెంట్ రాదు. ఇంగ్లీషు పదాలు బాగా వస్తాయని కొందరు ఆశపెడతారు. ఇంగ్లీషు పదాలే కావాలంటే ఇంగ్లీషు చదవడమే దగ్గర దారి. డాక్టరయ్యే పిల్లలకు కావలసిన లాటిన్ ముక్కలు వాళ్ళ పాఠాల్లోనే దొరుకుతాయి, దానికోసం భాష మొత్తం నేర్చుకోనక్కర్లేదు. మాట్లాడటానికి మనిషి దొరకడన్నదీ దాదాపు నిజమే. పెద్ద వయసులో మొదలుపెట్టేవాళ్ళకు మాత్రం అది కలిసొచ్చే విషయమే అంటాను. నోరు తెరిస్తే యాస చూసి నవ్వేవాళ్ళు ఉండరు, ఇంటర్వ్యూ ఉండదు. పుస్తకం, మీరు, అంతే.

అందుకని లాటిన్‌కి పెట్టుకోదగ్గ లక్ష్యం ఒక్కటే: చదవడం. రోమన్ సేనాని సీజర్ తన యుద్ధాల గురించి తనే రాసుకున్నదీ, సిసిరో సెనేట్‌లో చేసిన ప్రసంగాలూ వాళ్ళ మాటల్లోనే చదవడం. వాళ్ళతోనే ఆగదు. మన దగ్గర పండితుడు ఏ ఊరివాడైనా శాస్త్రం రాయాలంటే సంస్కృతంలో రాసినట్టు, యూరప్‌లో పండితులు వందల ఏళ్ళు లాటిన్‌లోనే రాశారు. భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతోందని కోపర్నికస్ 1543లో చెప్పింది లాటిన్‌లో. న్యూటన్ 1687లో గురుత్వాకర్షణ సూత్రాన్ని లోకానికి చెప్పింది లాటిన్‌లో. లిన్నేయస్ 1753లో మొక్కలకు రెండు మాటల పేర్లు పెట్టిందీ అందులోనే. మొక్కల శాస్త్రంలో అయితే కొత్త జాతిని ప్రకటించేటప్పుడు దాని లక్షణాలను లాటిన్‌లో రాయాలన్న నియమం 2011 చివరి వరకూ ఉంది. ఇప్పుడు ఇంగ్లీషులో రాసినా ఒప్పుకుంటారు, పేరు మాత్రం ఇప్పటికీ లాటిన్ రూపంలోనే ఉండాలి.

ఇక మీ టెన్షన్ సంగతి. తప్పు మీది కాదు, ఆ పుస్తకం మీకోసం రాసింది కాకపోవడమే చిక్కు. ఇంగ్లీషు మాత్రమే వచ్చిన విద్యార్థిని మనసులో పెట్టుకుని రాసిన పుస్తకం అది. ఇంగ్లీషు నామవాచకాలకు విభక్తులు దాదాపుగా లేవు. దానికి వాక్యంలో మాట ఎక్కడుందన్నదే ప్రాణం. అందుకని ఆ పుస్తకాలు "పదం చివర మారితే అర్థం మారుతుంది సుమా!" అని ఓ అధ్యాయమంతా బెదిరిస్తాయి. రాముడు, రాముణ్ని, రాముడికి, రాముడితో అని పుట్టినప్పట్నుంచీ అంటున్నవాళ్ళకు అందులో భయపడాల్సిందేముంది? "రాముడు రావణుణ్ని చంపాడు" అన్నా, "రావణుణ్ని రాముడు చంపాడు" అన్నా చచ్చింది రావణుడే. లాటిన్‌లోనూ అంతే. పైగా లాటిన్ వాక్యం చాలాసార్లు క్రియతోనే ముగుస్తుంది, మన వాక్యం లాగే. ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళను జుట్టు పీక్కునేలా చేసే "ఎ", "ది" లాంటి మాటలు లాటిన్‌లో లేనే లేవు. మనకూ లేవు.

మీరు ఇప్పటికే కొంత లాటిన్ వాడేస్తున్నారు కూడా. కాలేజీ ఆఫీసులో పిల్లలు క్యూ కట్టేది దేనికోసం? బోనఫైడ్ సర్టిఫికెట్ కోసం. డిగ్రీలో ప్రాక్టికల్స్ అయ్యాక వణుకుతూ వెళ్ళేది దేనికి? వైవాకి. బోటు మునిగితే ప్రభుత్వం ప్రకటించేది ఎక్స్‌గ్రేషియా. పేపర్లో వార్త చూసి హైకోర్టు తనంతట తాను తీసుకునేది సుమోటో కేసు. ఈ నాలుగూ లాటిన్ మాటలే, నాలుగూ ఒకే విభక్తిలో ఉన్నాయి. బొనా ఫిదే అంటే "సద్బుద్ధితో". వీవా వోకె అంటే "సజీవమైన గొంతుతో", అంటే రాతతో కాకుండా నోటితో. ఎక్స్ గ్రాతియా అంటే "దయతో", ఇంకా సరిగా చెప్పాలంటే "దయ లోంచి". సువో మోతూ అంటే "తన కదలికతో". మీ పాఠంలోని క్వో వారంటో కూడా ఈ జాబితాలోదే: "ఏ అధికారంతో?" ఆ కుర్చీలో ఏ అధికారంతో కూర్చున్నావయ్యా అని కోర్టు అడుగుతుందన్నమాట.

ఈ విభక్తిని ఇంగ్లీషు పుస్తకాలు అబ్లేటివ్ అంటాయి. అక్కడి పిల్లలకు అన్నిటికన్నా తలనొప్పి ఇదే. చేత, తో, వలన, నుంచి, లో - వీటి పనులన్నీ అదొక్కటే చేస్తుంది. సంస్కృతంలో తృతీయ, పంచమి, సప్తమి అని విడివిడిగా ఉన్నవి లాటిన్‌లో కలిసిపోయాయి అనుకోండి. ఇంగ్లీషు పుస్తకం దీనికి ఒక్కో వాడుకకీ ఒక్కో పేరు పెట్టి పేజీలకు పేజీలు నింపుతుంది. మీరు ఆ పేర్లు వదిలేసి, వాక్యంలో తో, నుంచి, లో ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూడండి. ఏది అతికితే అది. తొంభై శాతం పని అయిపోతుంది.

నాకు అన్నిటికన్నా ముచ్చటేసే విషయం అచ్చుల దగ్గర ఉంది. లాటిన్‌లో అ, ఇ, ఉ, ఎ, ఒ - ఐదు పొట్టివి, ఐదు పొడుగువి. సంస్కృతంలో పొట్టి ఎ, ఒ లేవు. హిందీవాళ్ళకూ వాటితో కష్టమే. తెలుగులో మాత్రం పదీ ఉన్నాయి, ఒక్కోదానికీ ఒక్కో అక్షరం ఉంది. లాటిన్‌లో వెనిత్ అంటే "వస్తున్నాడు", వేనిత్ అంటే "వచ్చాడు". తేడా అంతా వె, వేల మధ్యే ఉంది. ఒస్ అంటే ఎముక, ఓస్ అంటే నోరు. లిబెర్ అంటే పుస్తకం, లీబెర్ అంటే స్వేచ్ఛ ఉన్నవాడు. ఒత్తులు కూడా అంతే. అన్నుస్ అంటే సంవత్సరం, ఒత్తు తీసేసి అనుస్ అంటే ముసలామె. ఇంగ్లీషువాళ్ళు ఈ తేడాలను కళ్ళతో గుర్తుపెట్టుకోవాలి, అందుకే వాళ్ళ పుస్తకాల్లో పొడుగు అచ్చు మీద గీత గీస్తారు. మన చెవికి గీత అక్కర్లేదు. మొదటి వారం పాఠంలోని ప్రతి వాక్యాన్నీ తెలుగు లిపిలో రాసుకోండి. ఎక్కడ దీర్ఘమో, ఎక్కడ ఒత్తో చేతికి అలవాటవుతుంది. ఆ తర్వాత రోమన్ లిపికి మారిపోవచ్చు.

ఇది ఉచ్చారణ చాదస్తం అనుకునేరు. విభక్తి కూడా ఈ పొడుగు మీదే ఆధారపడుతుంది. "ఇటలీ" అనడానికి ఇతలియ. "ఇటలీలో" అనాలంటే ఇన్ ఇతలియా. చివర ఒక్క దీర్ఘం.

ఇంకొకటి చూడండి. "నాకు ఇద్దరు కొడుకులు ఉన్నారు" అని మనం సహజంగా అంటాం. ఇంగ్లీషువాడు "నేను ఇద్దరు కొడుకులను కలిగి ఉన్నాను" అనే ధోరణిలో చెబుతాడు. లాటిన్‌లో మిహి దువొ ఫీలియీ సుంత్. మిహి నాకు, దువొ ఇద్దరు, ఫీలియీ కొడుకులు, సుంత్ ఉన్నారు. మాటకు మాట అతికిపోయింది. ఇంగ్లీషు పుస్తకంలో దీన్ని ప్రత్యేకమైన వాడుకగా వేరే నియమం కింద చెబుతారు. మనకది ఇంట్లో మాట్లాడుకునే పద్ధతే. "ఊ" చేర్చి రెంటిని కలపడం కూడా ఇలాంటిదే. "గోడలూ బురుజులూ" అన్నప్పుడు మనం "మరియు" అని మధ్యలో పెట్టం, మాట చివర ఊ తగిలిస్తాం. లాటిన్‌లో "క్వె" అనే ముక్క అచ్చం ఇలాగే మాట తోకకు తగులుకుంటుంది. కాకపోతే రెండో మాటకు మాత్రమే.

సరే, ఆ అమ్మాయికి మాండమస్ గురించి ఏం చెప్పాలి? మన్‌దాముస్ అంటే "ఆజ్ఞాపిస్తున్నాము". అది నామవాచకం కాదు, ఒక పూర్తి వాక్యం. కర్త క్రియలోనే ఉన్నాడు. ఆజ్ఞాపిస్తున్నాము అన్నప్పుడు "మేము" అని విడిగా చెప్పక్కర్లేదు కదా, చివరి "ము" చెబుతుంది. అక్కడ "ముస్" చెబుతుంది. ఈ పోలిక వట్టి యాదృచ్ఛికం, చుట్టరికమేమీ లేదు, గుర్తుపెట్టుకోవడానికి మాత్రం భలే పనికొస్తుంది. ఇలాంటిదే వీటో. రోమ్‌లో సామాన్య ప్రజల తరఫున ఎన్నికైన ట్రిబ్యూన్‌కు సెనేట్ నిర్ణయాన్ని ఆపే హక్కు ఉండేది. ఆ మాటకు అర్థం "నేను అడ్డుకుంటున్నాను". హేబియస్ కార్పస్ అంటే జైలరుతో "మనిషి నీ దగ్గర ఉండాలి, తీసుకురా" అనే ఆదేశంలోని కీలకమైన రెండు మాటలు. కార్పస్ దేహం, హేబియస్ "నీ దగ్గర ఉండుగాక" లాంటి రూపం. సెర్షియొరారి "నిశ్చయంగా తెలియజేయబడటం". రాజ్యాంగం 32వ అధికరణంలోని ఐదు రిట్లలో ప్రొహిబిషన్ తీసేస్తే మిగతా నాలుగూ మీకు నాలుగు వ్యాకరణ పాఠాలు.

ఇప్పుడు కష్టాలు. లేవని చెబితే మూడో నెలలో నన్ను తిట్టుకుంటారు.

తెలుగులో బల్ల, గోడ, ఊరు అన్నీ ఒకటే గుంపు, వాటికి ఆడా మగా తేడా పెట్టం. లాటిన్‌లో బల్ల స్త్రీలింగం, గోడ పుంలింగం, ఊరు నపుంసకలింగం. కారణం అడగకూడదు. మన "మంచి" ఎవరి పక్కన నిలబడినా మంచే. వాళ్ళ విశేషణం మాత్రం లింగం, వచనం, విభక్తి మూడూ చూసుకుని మారుతుంది: బొనుస్, బొన, బొనుమ్. ఇక్కడ తెలుగు సాయపడదు. ఇంటర్‌లో మీరు మార్కుల కోసం బట్టీ పట్టిన సంస్కృతం సాయపడుతుంది. సుందరః, సుందరీ, సుందరమ్ గుర్తుందిగా? రామః రామౌ రామాః అని వల్లించినవాళ్ళకు లాటిన్ పట్టికలు చిన్నవి కూడా, ద్వివచనం లేదు కాబట్టి.

మనం దేనికైనా "అని" వాడతాం: వస్తానని చెప్పాడు, వెళ్ళాడని విన్నాను. లాటిన్‌కు ఆ సుఖం లేదు. వాళ్ళ వాక్యాన్ని మక్కికి మక్కి తెలుగు చేస్తే "తనను రావడం చెబుతున్నాడు" అని వస్తుంది. మొదట్లో తల తిరుగుతుంది. ఎన్ని పేజీలు చదివితే అంత తొందరగా అలవాటవుతుంది, వేరే మందు లేదు. క్రియారూపాలు కూడా ఎక్కువే, నాలుగు గణాలు, వాటికి లొంగనివి కొన్ని. దీనికి బదులు ఇంకోచోట తీరుతుంది. ఉర్బె కప్తా అని రెండు మాటలు కనిపిస్తే ఇంగ్లీషు విద్యార్థి దాన్ని పెద్ద వాక్యంగా విడదీసుకోవాలి. మనం "నగరం పట్టుబడగా" అనుకుని ముందుకు వెళ్ళిపోతాం. సంస్కృతం మేష్టార్లు సతి సప్తమి అనేది ఇలాంటిదే. సీజర్ పుస్తకం నిండా ఇవే.

ఎలా మొదలుపెట్టాలన్నదానికి నా సలహా సూటిగా చెబుతాను. హాన్స్ ఓర్‌బెర్గ్ అనే డేనిష్ ఉపాధ్యాయుడు రాసిన "లింగ్వా లాటినా" మొదటి భాగం సంపాదించండి. దాన్ని "ఫమిలియా రొమానా" అని పిలుస్తారు. అందులో ఇంగ్లీషు ముక్క ఉండదు, మొదటి పేజీ నుంచి చివరి దాకా లాటినే. "రోమ ఇన్ ఇతలియా ఎస్త్" అని మొదలవుతుంది, అంటే రోమ్ ఇటలీలో ఉంది. పక్కనే మ్యాపు ఉంటుంది. ఆ తర్వాత ఒక రోమన్ కుటుంబం, పిల్లల కొట్లాటలు, బానిసలు, బడి. కథ నడుస్తుంటే మాటలు వాటంతటవే అర్థమవుతాయి. మొత్తం 35 అధ్యాయాలు. మీకు ఇది ఎందుకు నప్పుతుందంటే, మధ్యలో ఇంగ్లీషు దూరదు. లాటిన్ వాక్యం చదివి నేరుగా తెలుగులో అర్థం చేసుకుంటారు. మీరు కొన్న పుస్తకాన్ని పారేయకండి. ఏ రూపమో తేలనప్పుడు తీసి చూసుకోవడానికి పనికొస్తుంది. పట్టికలు ముందు బట్టీపట్టి తర్వాత చదవడం కాదు, ముందు చదివి, వాక్యంలో పది చోట్ల కనిపించాక పట్టిక చూడండి.

రోజుకు అరగంట చాలు, కానీ రోజూ. ఆదివారం నాలుగు గంటలు కూర్చుని వారమంతా వదిలేస్తే సోమవారానికి పలక ఖాళీ. ప్రతి అధ్యాయాన్నీ పైకి చదవండి. మొదటి పది అధ్యాయాలు వారానికొకటి చొప్పున సాగుతాయి, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. నెమ్మదించినప్పుడు వదిలేసేవాళ్ళే ఎక్కువ. అక్కడ కొత్త అధ్యాయం జోలికి వెళ్ళకుండా వెనక్కి వెళ్ళి పాతవి మళ్ళీ చదవండి. ఏడాదిన్నరలో పుస్తకం పూర్తయితే బాగా చేసినట్టే. అప్పుడు సీజర్‌ను తెరవచ్చు.

ఆ దశకు వచ్చాక మీరు చదవాల్సిన చిన్న భాగం ఒకటి ఉంది. గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలందరూ "ఆంధ్రులకు ముప్పై కోటలు, లక్ష కాల్బలం, రెండు వేల ఆశ్వికులు, వెయ్యి ఏనుగులు" అని వల్లిస్తారు కదా. గ్రీకు రాయబారి మెగస్తనీసు చెప్పాడంటారు. మెగస్తనీసు పుస్తకం ఎప్పుడో పోయింది. ఆ అంకెలు మనకు మిగిలింది ప్లినీ అనే రోమన్ రాసిన ప్రకృతి చరిత్రలో, ఆరో సంపుటంలో. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు చనిపోయింది ఆ ప్లినీయే. అందులో గెన్స్ అందరై అని, అంటే ఆంధ్ర జాతి అని, వాళ్ళ పట్టణాలు మూరీస్ తుర్రిబుస్‌క్వె రక్షణలో ఉన్నాయని రాశాడు. గోడలతోనూ బురుజులతోనూ. ఇందాకటి "తో" విభక్తీ, ఇందాకటి "ఊ" కూడా అక్కడున్నాయి. ఆ వెంటనే రేగీ ప్రైబెత్, "రాజుకు సమకూరుస్తుంది", ఆపైన సైన్యం లెక్క. అదే సంపుటంలో, ఇండియా ఏటా రోమ్ దగ్గర్నుంచి ఐదు కోట్ల సెస్టెర్షియస్ నాణేలు లాక్కుంటోందని వాపోతాడు కూడా. సాధారణంగా ప్లినీ శైలి ముళ్ళకంప, కానీ ఆంధ్రుల గురించిన ఆ వాక్యం అంకెలూ పేర్లే కాబట్టి చదవగలరు. మిగతా ప్లినీని అప్పుడే ముట్టుకోకండి.

పద్యాల మీద ఇష్టం ఉంటే ఇంకో ఆకర్షణ. రోమన్ కవి వర్జిల్ కావ్యం మొదటి పంక్తి: అర్మ విరుమ్‌క్వె కనో త్రోయై క్వీ ప్రీముస్ అబ్ ఓరీస్. "ఆయుధాలనూ వీరుణ్నీ గానం చేస్తున్నాను, ట్రాయ్ తీరం నుంచి మొదటగా వచ్చినవాణ్ని" అని. టెన్త్‌లో చేసినట్టే గురులఘువులు పెట్టి చూడండి. దీర్ఘం గురువు, రెండు హల్లుల ముందున్నది గురువు, రూలు మనదే. అర్మవి - భగణం (ఒక గురువు, రెండు లఘువులు). రుమ్‌క్వెక - భగణం. తర్వాత రెండు గురువులు, మళ్ళీ రెండు గురువులు, ప్రీముసబ్ దగ్గర భగణం (తర్వాతి మాట అచ్చుతో మొదలవడంతో "స", "బో" అని విడిపోతాయి), చివర రెండు గురువులు. వాళ్ళ మహాకావ్యాలు దాదాపు అన్నీ ఈ కొలతలోనే ఉంటాయి: పాదానికి ఆరు గణాలు, ప్రతిదీ భగణమో రెండు గురువులో. ప్రాస లేదు. ఉత్పలమాలకు గణవిభజన చేసినవాళ్ళకు ఇది పది నిమిషాల పని.

ఒక్క హెచ్చరిక. మాతెర్, పతెర్, సెప్తెమ్, దెకెమ్ అంటూ సంస్కృతాన్ని పోలిన మాటలు ఎదురయ్యేకొద్దీ, లాటిన్ సంస్కృతం నుంచే పుట్టిందనే వాట్సాప్ మెసేజ్‌లు నమ్మాలనిపిస్తుంది. 1786లో కలకత్తాలో జడ్జిగా ఉన్న విలియమ్ జోన్స్ చెప్పింది అది కాదు. రెండూ అంతకు ముందున్న ఒకే భాష నుంచి వచ్చి ఉండాలన్నాడు. తెలుగు ఆ కుటుంబంలో లేదని, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబమని 1816లో కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో మద్రాసులోని ఇంగ్లీషు అధికారి ఎల్లిస్ చూపించాడు. కాబట్టి లాటిన్‌కీ మన తెలుగుకీ ఉన్నది పోలికే గానీ రక్తసంబంధం కాదు.

వినడానికి మనిషి కావాలంటే మీకు ఫిరంగిపురం దగ్గరే కదా, పాత కేథలిక్ కేంద్రం. 1960లలో వాటికన్ సభ నిర్ణయాల తర్వాత పూజ తెలుగులోకి వచ్చింది గానీ, అంతకుముందు అక్కడ వినిపించింది లాటినే. పెద్ద వయసు ఫాదర్లు ఎవరైనా ఉంటే వెళ్ళి కలవండి, సెమినరీలో లాటిన్ చదివినవాళ్ళు ఉండొచ్చు. చర్చి ఉచ్చారణ వేరు. పుస్తకంలో మీరు ఆకాశాన్ని కైలుమ్ అని నేర్చుకుంటారు, ఫాదర్ గారు చేలుమ్ అంటారు. సరిదిద్దబోకండి. సీజర్ దగ్గర మీది రైటు, గుడిలో ఆయనది రైటు.